నది ఒడ్డున కూర్చుని లైబ్రరీలో ఉన్నానని చెప్పే తమ్ముడికి

ప్రశ్న: నా వయసు 21. మాది హనుమకొండ. కంప్యూటర్ సైన్స్ చదువుతూ, మా కాలేజీ ఒప్పందం మీద ఒక సెమిస్టర్‌కి జర్మనీలోని ట్యూబింగెన్ వచ్చాను. నాన్న లేరు, అమ్మ ఉంది. ఇల్లు నడిపేది మా అక్కే. తనకి 28. ఒక గోల్డ్ లోన్ కంపెనీలో పని చేస్తుంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ఇక్కడి ఖర్చులకని ముందే వేసి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) వేసిన డబ్బు కూడా తనదే. చదువు బాగానే సాగుతోంది. క్లాసులయ్యాక ఫ్రెండ్స్ నది దగ్గరికి, శని ఆదివారాలు అడవికీ కోటలకీ రమ్మంటారు. వెళ్తాను. అక్కడున్నంతసేపూ బాగుంటుంది, రూముకొచ్చాక ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. ఆ టైంలో అక్క ఫోన్ చేస్తే ఎత్తను, తర్వాత లైబ్రరీలో ఉన్నానని మెసేజ్ పెడతాను. ఫొటోల కోసం వేరే ఇన్‌స్టా అకౌంట్ తెరిచాను, అందులో అక్క గానీ చుట్టాలు గానీ లేరు. ఈ ఏడాది అక్కకి రెండు సంబంధాలు వస్తే ‘తమ్ముడు వచ్చాక చూద్దాం’ అని వాయిదా వేసింది. నేను ఈ తిరుగుళ్లు మానేయాలా? లేక అక్కకి తెలియకుండా కొనసాగించవచ్చా? వచ్చేటప్పుడు అక్కకి ఏం తెస్తే బాగుంటుంది? – పేరు వద్దు

జవాబు: మానేయాలా అని అడిగావు. వద్దు, వెళ్లు. పరీక్షలు పాసవుతున్నావు, ఎవరి జోలికీ పోవడం లేదు, ఉన్నది ఒక్క సెమిస్టర్. ఆ ప్రశ్న అక్కడితో అయిపోయింది, దాని మీద ఇంకో వాక్యం రాయడం నాకూ నీకూ టైం దండగ.

నన్ను పట్టుకున్నది వేరే. ఇంత ఉత్తరంలో మీ అక్క గురించి నువ్వు రాసినవి చూడు. వయసు, ఉద్యోగం, డబ్బు, సంబంధాలు. ఆమె ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. నదీ తీరం గురించి రాసినంత ప్రేమగా కూడా ఆమె గురించి రాయలేదు. అప్పిచ్చినవాడు ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరిగిపోయే మనిషిలా ఉన్నావు నువ్వు, ఫోన్లో ఆమె పేరు కనిపించగానే.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీ గిల్టంతా దాని చుట్టూనే తిరుగుతోంది. 2024 సెప్టెంబర్ నుంచి ఆ అకౌంట్‌లో ఏడాదికి చూపించాల్సింది 11,904 యూరోలు, అంటే నెలకి 992. ఆరు నెలలకి 5,952. మన లెక్కలో దాదాపు ఆరు లక్షలు. గోల్డ్ లోన్ కౌంటర్ వెనక కూర్చునే ఆడపిల్లకి అది చిన్న మొత్తం కాదు, నిజమే. కానీ నువ్వు ఒప్పందం మీద వెళ్లావు కాబట్టి, ట్యూబింగెన్ ఉన్న రాష్ట్రంలో మన పిల్లలు సెమిస్టర్‌కి కట్టే 1,500 యూరోల ఫీజు నీకు లేదు. మిగిలింది అద్దె, తిండి, ఇన్సూరెన్స్. నువ్వు సాయంత్రం గడ్డి మీద కూర్చుంటే అందులో ఏం కరిగిపోతుంది? షోన్‌బుఖ్ అడవిలో నడిచి బేబెన్‌హౌజెన్ మఠం దాకా వెళ్లి రావడానికి పైసా ఖర్చు లేదు. మా మేనకోడలు ఆ ఊళ్లోనే చదివింది, ఒక వేసవిలో నేనూ వెళ్లి ఆ దారిన నడిచాను. ఆకలేసి ఏదైనా కొందామంటే ఆదివారం ఒక్క కొట్టూ తెరిచి లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర లేకపోతే నా పని అయిపోయేది. హోయెన్‌త్సోలర్న్ కోటకి పోవాలన్నా హెచింగెన్ దాకా లోకల్ రైలే, నెలవారీ టికెట్ ఉంటే దానికీ వేరే ఖర్చు లేదు. మెన్సాలో, అంటే మీ యూనివర్సిటీ క్యాంటీన్లో తిను, రూములో వండుకో, ఖాళీ సీసాలు పారేయకుండా షాపులో మెషీన్‌కి ఇచ్చి ఒక్కోదానికి 25 సెంట్ల దాకా వెనక్కి తెచ్చుకో. తిరిగొచ్చేటప్పుడు ఆ అకౌంట్ మూసేస్తే మిగిలింది నీ చేతికి వస్తుంది, అది తెచ్చి ఆమెకివ్వు. అంతకు మించి గదిలో తలుపేసుకుని బాధపడినందుకు మీ అక్కకి ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. ‘తమ్ముడు వచ్చాక చూద్దాం’ అన్న ఆ మాట నీ గుండెల్లో మేకులా దిగింది, అది నాకు తెలుస్తోంది. కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆమె వాయిదా వేసింది నీ కోసమేనని నీకెవరు చెప్పారు? ఆ సంబంధాలు ఆమెకి నచ్చలేదేమో. కట్నం మాట విని చిరాకు పడిందేమో. ఆమె మనసులో ఇంకెవరైనా ఉన్నారేమో. ఇప్పుడే పెళ్లి వద్దనుకుందేమో. మన ఇళ్లలో 28 ఏళ్ల ఆడపిల్ల ‘నాకు ఇష్టం లేదు’ అంటే ఒక గంట పంచాయతీ, అదే ‘తమ్ముడు వచ్చాక’ అంటే అందరూ ఆహా అని ఊరుకుంటారు. తెలివైన పిల్లయితే రెండోదే అంటుంది. నువ్వేమో ఇవేవీ ఆలోచించకుండా ఆమె జీవితం మొత్తం నీ వల్లే ఆగిపోయిందని తేల్చేసుకున్నావు. ఇందులో బాధ ఎంత ఉందో, నేనంటే అంత అనుకోవడం కూడా అంతే ఉంది.

నిజంగా నీ కోసమే ఆగిందనుకో. అప్పుడు నువ్వు చేయాల్సిన పని ఇంకా సూటిగా ఉంది. ‘అక్కా, నా చదువుకీ నీ పెళ్లికీ ముడి పెట్టకు, నీకు నచ్చితే చేసుకో, వచ్చాక ఇంటి బాధ్యత నేనూ పంచుకుంటాను’ అని నోరు తెరిచి చెప్పాలి. 21 ఏళ్ల మగపిల్లాడివి, తమ్ముడిగా నీ మీద ఒక బాధ్యత ఉంది, నేను పాతకాలం మనిషినని నవ్వుకున్నా సరే అంటాను. అక్క సంపాదన తీసుకోవడంలో సిగ్గు లేదు. తీసుకుంటూ ఆమెతో మాట్లాడకపోవడంలో ఉంది. అమ్మ కూడా ఉంది కదా ఈ విషయం చూసుకోవడానికి అంటావేమో, అమ్మ సంగతి ఇందులోకి తేకు.

ఆ ఫోన్ లెక్క నేను వేసి చూశాను. ఎండాకాలంలో మనకీ అక్కడికీ తేడా మూడున్నర గంటలు. ఆమె బ్రాంచి మూసి బయటపడేది ఏడున్నరకి అనుకుందాం, నీకు అప్పుడు సాయంత్రం నాలుగు. సరిగ్గా నువ్వు పుస్తకాలు సర్ది నెక్కర్ నది వైపు నడిచే టైం. ఆమె బస్సు కోసం నిలబడి చేస్తుంది, నువ్వు ఎత్తవు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, నువ్వు ఇల్లు చేరి మెసేజ్ పెట్టేసరికి హనుమకొండలో ఒంటిగంట. ‘సారీ అక్కా, లైబ్రరీ’ అన్నది ఆమె తెల్లారి చూసుకుని డ్యూటీకి పోతుంది. నమ్ముతోందని అనుకుంటున్నావా? రోజంతా తాకట్టు కౌంటర్ దగ్గర మనుషుల ముఖాలు చూసే పని ఆమెది, నిజం ఏదో సాకు ఏదో ఆమెకి తెలియదని నేననుకోను. నువ్వు ఆమెకి నచ్చని పనేదో చేస్తున్నావని, తాగుతున్నావనో అప్పుల్లో పడ్డావనో ఊహించుకుంటూ ఉండి ఉంటుంది. ఫ్రెండ్స్‌తో ఆ నది మీద పడవెక్కావని తెలిస్తే ఆమె గుండె తేలికపడుతుంది.

ఆ పడవల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, బల్లపరుపు అడుగున్న ఆ పొడుగు పడవని గడకర్రతో తోసుకుంటూ పోవడం చూస్తే గోదావరి మీద గడ వేసే మనవాళ్లే గుర్తొస్తారు, మీ అక్కకి చూపిస్తే ఎంత నవ్వుతుందో. కార్పస్ క్రిస్టీ పండగనాడు జరిగే పోటీలో ఓడిన జట్టు అందరి ముందూ కాడ్‌లివర్ ఆయిల్ తాగాలని, పైగా మరుసటి ఏడాది పోటీ నిర్వహణ కూడా వాళ్ల నెత్తి మీదే పడుతుందని చెప్పు, మీ అక్క ఆఫీసులో పదిమందికి చెప్పుకుంటుంది. నువ్వు దాస్తున్నవన్నీ ఇలాంటివి. ఇంటిల్లిపాదీ పంచుకుని నవ్వుకోవాల్సినవి ఎవరో తెలియని ఫాలోవర్లకి చూపిస్తున్నావు.

అదే ఒడ్డున పసుపురంగు గుండ్రటి బురుజు ఉంది కదా, నీ రెండో అకౌంట్‌లో దాని ఫొటో లేకుండా ఉండదు. హోల్డర్లిన్ అనే కవి మతి చెదిరాక 1807 నుంచి 1843లో పోయేదాకా, 36 ఏళ్లు అందులోనే ఉన్నాడు. ఉంచుకుని తిండి పెట్టింది జిమ్మర్ అనే వడ్రంగి కుటుంబం, చుట్టరికమేమీ లేదు. 1838లో వడ్రంగి చనిపోతే ఆయన కూతురు లోటె ఆ ముసలాయన్ని చివరిదాకా చూసుకుంది. బురుజుకి కవి పేరే ఉంది. నేను వెళ్లినప్పుడు మా మేనకోడలు కవిత్వం గురించి చెప్తుంటే, నాకు ఆ లోటె గురించే తెలుసుకోవాలనిపించింది. ఆమెకి ఏ రోజైనా సెలవు దొరికిందా, ఆ నది మీద ఎప్పుడైనా పడవెక్కిందా అని.

మీ అక్క ఆదివారం ఏం చేస్తుందో నీకు తెలుసా? ఆదివారపు విశ్రాంతికి జర్మన్ రాజ్యాంగంలోనే రక్షణ ఉంది, నువ్వు అక్కడ ఆ రోజు డ్రిల్లింగ్ మెషీన్ పెడితే పక్కింటివాడు వచ్చి తలుపు కొడతాడు. హనుమకొండలో నీ అక్క ఆదివారం బట్టలుతికి, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చి, అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, నెలాఖరైతే టార్గెట్ టెన్షన్‌తో కస్టమర్లకి ఫోన్లు చేస్తుంటుందని నా ఊహ. తప్పయితే మంచిదే. వేయిస్తంభాల గుడికి ఎన్నాళ్లయింది వెళ్లి, భద్రకాళి చెరువు గట్టు మీద ఫ్రెండ్‌తో కూర్చుని ఎన్నాళ్లయింది, అసలు ఆమెకి ఫ్రెండ్స్ ఉన్నారా, ఇవి అడుగు. నీ సరదాలు తగ్గించుకుంటే ఆమెకి ఒరిగేది లేదు, ఆమెకి కూడా కొన్ని ఉండేట్టు చూడు. మీ పెద్దమ్మనో పిన్నినో నెలకి రెండు ఆదివారాలు అమ్మ దగ్గర ఉండమని నువ్వు అక్కడి నుంచి ఫోన్ చేసి అడగొచ్చు. అక్క అడగదు, అడిగితే పరువు తక్కువ అనుకుంటుంది. నువ్వు అడిగితే ‘జర్మనీ పిల్లాడు అడిగాడు’ అని వస్తారు, ఆ మాత్రం మనవాళ్లు నాకు తెలుసు.

ఉద్యోగం చేసి ఆమెకి పంపుతానని హడావుడి పడకు. స్టూడెంట్లకి ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసే వీలుందని తెలిసి చాలామంది అలాగే గోదాముల్లో పెట్టెలు మోసి సెమిస్టర్ పోగొట్టుకుంటారు. వచ్చి డిగ్రీ పూర్తి చేసి మొదటి జీతం ఆమె చేతిలో పెట్టు, అప్పటిదాకా ఆమె ఆగగలదు. నీ మాట కోసం మాత్రం ఇక ఆగకూడదు.

ఈ శనివారం సాయంత్రం నాలుగింటికి ఆమె చేసేలోపే నువ్వు వీడియో కాల్ చెయ్యి, ఒడ్డు మీద నుంచే. పక్కన ఎవరున్నారో చూపించు, అమ్మాయిలున్నా సరే. ఇన్నాళ్లూ లైబ్రరీ అని చెప్పింది అబద్ధమని ఒక్క వాక్యంలో చెప్పేయ్, సంజాయిషీ సాగదీయకు. తిడుతుంది. తిట్టనీ, అక్క కదా. ఆ రెండో అకౌంట్ తీసేయాలా వద్దా అన్నది నీ ఇష్టం, కానీ అక్కని అందులో చేర్చుకోలేని ఫొటో ఏదైనా ఉంటే నాకు ఇంకో ఉత్తరం రాయి, అది వేరే సమస్య.

ఇక ఏం తేవాలని అడిగావు. అది నన్నెందుకు అడుగుతావు, ఆమెనే అడుగు. మొదటిసారి ‘ఏమీ వద్దురా, నువ్వు క్షేమంగా రా’ అంటుంది. అక్కడితో ఊరుకోకుండా మళ్లీ అడుగు.