వేరే గదిలో ఉన్న చిలుకకి నాన్‌స్టిక్ పెనం పొగ తగులుతుందా?

పంజరం హాల్లో ఉంది, వంటగది తలుపు మూసే ఉంటుంది, నాన్‌స్టిక్ వాడుకోవచ్చా అని అడిగారు. వద్దు. తలుపు కింద సందు చాలు.

నాన్‌స్టిక్ పెనం మీది పూత పేరు పీటీఎఫ్ఈ. టెఫ్లాన్ అంటే అదే. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటాక అది విడిపోయి విషవాయువు వదలడం మొదలవుతుంది, 280 దాటితే ఆ వాయువు పక్షి ప్రాణం తీయగలదు. మామూలు వంటలో అంత వేడి రాదంటారు, నిజమే, నీళ్లున్న కూర 100 దగ్గరే ఆగుతుంది. చిక్కంతా ఖాళీ పెనంతోనే. పొయ్యి మీద పెట్టి, మంట పెద్దది చేసి, ఫోన్ మోగిందని అవతలికి వెళ్తారు. అయిదు నిమిషాల్లోపే హద్దు దాటేస్తుంది. నూనె ఉంటే ముందే పొగలొచ్చి హెచ్చరిస్తుంది. ఖాళీ పెనం నుంచి వచ్చే వాయువు కంటికి కనపడదు, వాసనకీ పెద్దగా పట్టుబడదు.

"మాకేం కాలేదే" అనే మాట పనికిరాదు. మనకైతే కొన్ని గంటలకి జలుబు జ్వరంలా వచ్చి పోతుంది. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో సాగుతుంది, పీల్చినప్పుడూ వదిలినప్పుడూ కొత్త గాలే తగులుతుంది. ప్రాణవాయువుని ఎంత బాగా లాక్కుంటుందో విషాన్నీ అంతే బాగా లాక్కుంటుంది. ఊపిరితిత్తుల్లో నీరు, రక్తం చేరతాయి. నోరు తెరిచి ఆయాసపడటం, ఊపిరికో ఊపుగా తోక ఊగడం, కొమ్మ మీంచి పడిపోవడం కనిపిస్తే పొయ్యి ఆపి, పంజరంతో సహా వెంటనే బయటి గాలికి తీసుకెళ్లండి. గుడ్డ కప్పి వెచ్చగా ఉంచండి, నోట్లో నీళ్లు పోయకండి. విరుగుడు లేదు, డాక్టర్ దగ్గర ఆక్సిజనే ఆధారం, అదీ సమయానికి చేరితే. చాలా పక్షులు చేరవు.

డబ్బా మీద "పీఎఫ్ఓఏ లేదు" అని చూసి మురిసిపోకండి. అది పూత తయారీలో వాడిన వేరే రసాయనం, పూత మాత్రం పీటీఎఫ్ఈయే. గ్రానైట్, మార్బుల్ అని పేరు పెట్టినవాటిలోనూ చాలావరకు ఇదే. ఆ పేర్లు పెట్టేవాళ్లని ఏమనాలో తెలియదు.

పెనం మార్చాక ఇస్త్రీపెట్టె అడుగు, ఎయిర్ ఫ్రయర్ బుట్ట, శాండ్‌విచ్ మేకర్, రూమ్ హీటర్, ఓవెన్ అడుగున పరిచే షీటు కూడా చూసుకోండి. కొన్ని హీట్ ల్యాంపు బల్బులకీ ఈ పూత ఉంటుంది, చలికాలంలో వాటిని పంజరం పక్కనే పెడతారు.

స్టీలు, పోత ఇనుము వాడుకోండి. అయితే కొత్త ఇనుప పెనానికి నూనె రాసి కాల్చే పని ఆరుబయట చేయండి, మాడిన నూనె పొగ కూడా పక్షికి పడదు.