పాపను నోటు వెనక జమ రాయొద్దు

కొండపి వైపు పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది, చాలా పెద్దది, క్లుప్తంగా చెప్తాను. సొంత చేను రెండెకరాలు, కౌలు ఐదు, మొత్తం నల్లబర్లీ పొగాకు వేశారు. 2025లో కొనేవాళ్ళు లేక రేటు పడిపోయి, బేళ్ళు వసారాలో టార్పాలిన్ కింద ఉండిపోయాయి. చివరకు ప్రభుత్వ సంస్థ మార్క్‌ఫెడ్ కొన్నది కొన్నా కౌలు, కూలీలు, పురుగుమందుల కొట్టు బాకీ పోగా చేతికి ఏమీ రాలేదు. అప్పుల్లో పెద్దది ఇంటాయన అక్కగారిది, ప్రామిసరీ నోటు మీద ఆరు లక్షలు. ఆవిడ ఇప్పుడు “పాపను మా వాడికి చెయ్యండి, నోటు చింపేస్తా” అంటోంది. పాపకు 19, ఒంగోల్లో బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు. అబ్బాయికి 30 దాటాయి, చీమకుర్తి క్వారీ దగ్గర ఉద్యోగం. తల్లి అడిగేది ఒకటే. “ఇది దేవుడు తెరిచిన తలుపా, మా విశ్వాసానికి వచ్చిన శోధనా? ఎన్నాళ్ళు ఉపవాస ప్రార్థన చేస్తే ఆయన చిత్తం తెలుస్తుంది?”

అమ్మా, ఆ ప్రశ్న పక్కన పెట్టండి. ఉపవాసం ఉండాలనుకుంటే ఉండండి, షుగర్ ఉందని మీరే రాశారు కాబట్టి డాక్టర్ని అడిగి మరీ ఉండండి. కానీ ఆరు లక్షలకు ఆడపిల్లను మాట్లాడుకోవచ్చా అన్నదానికి పైనుంచి జవాబు కోసం ఎదురు చూడక్కర్లేదు. ఆ జవాబు మీకు తెలుసు. తెలియకపోతే అర్ధరాత్రి లేచి నాకు ఇంత ఉత్తరం రాసేవారు కాదు.

నేను ఆగిపోయింది రెండో పేజీలో, “అక్క మాటంటే మా ఆయనకు వాక్యంతో సమానం” అన్న దగ్గర. అసలు సంగతి అక్కడుంది. పొగాకులో కాదు, కౌలులో కాదు, మీ ప్రార్థన జీవితంలో అంతకన్నా కాదు. ఆయనకు ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోతే అక్కే పెంచింది, తమ్ముడు పదో తరగతి గట్టెక్కేదాకా పెళ్ళి కూడా చేసుకోలేదు, ఇవాళ్టికీ ఆయన ఆవిడ ఎదురుగా మంచం మీద కూర్చోడు. మంచిదే, అట్లాంటి తమ్ముళ్ళు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు? కానీ ఆ పెంచిన రుణం ఆయనది. తీర్చుకోవాల్సిందీ ఆయనే. వదినగారికి మోకాళ్ళ నొప్పులంటున్నారు కదా, ఆస్పత్రికి తిప్పమనండి, పండక్కి ఇంటికి తెచ్చి నెల రోజులు పెట్టుకోమనండి, ముసలితనంలో ఆవిడ బరువు మోస్తానని ఆవిడ కొడుకు ఎదుటే చెప్పమనండి. తన రుణాన్ని కూతురి మెడకు చుట్టి తాను తేలికపడతానంటే అది కృతజ్ఞత ఎట్లా అవుతుంది?

మీరు ఒంగోలు ప్రాంతం వాళ్ళు, అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర సంగతి వినే ఉంటారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఇక్కడి సంఘాల్లో గొప్పగా చెప్తారు. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ అంతగా చెప్పరు. 1876 నుంచి కరువు. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వస్తూనే ఉన్నా ఏడాదికి పైగా ఇవ్వకుండా ఆపేశాడు. తిండి కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో కడుపు కాలేటప్పుడు తెలియదని. మిషనరీ అయ్యుండీ ఆకలి మీద ఉన్నవాడి ‘సరే’ను లెక్కలోకి తీసుకోలేదు చూడండి. మీ వదినగారేమో బేళ్ళు వసారాలో ఉండగానే సంబంధం అడిగింది. ఇప్పుడు మీరు ‘సరే’ అంటే అది ఆరు లక్షల బాకీ అనే మాట.

ఆవిడ చెడ్డదని నేను అనట్లేదు. మేనకోడలంటే ప్రేమ ఉండొచ్చు, కొడుక్కి వయసు దాటుతోందన్న టెన్షనూ ఉండొచ్చు. అబ్బాయి మంచివాడే అని మీరు మూడుచోట్ల రాశారు, అయ్యుండొచ్చు. నోటు పక్కన పెట్టి, చదువయ్యాక మామూలుగా అడిగితే అప్పుడు మాట్లాడుకోండి, అదీ దగ్గరి మేనరికాల్లో పిల్లలకు వచ్చే జబ్బుల గురించి డాక్టరుతో మాట్లాడాక. నర్సింగ్ చదివే పిల్లకు ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. “యాకోబు కూడా మేనమామ కూతుళ్ళనే చేసుకున్నాడు” అన్నారట మీ ఆయన. చేసుకున్నాడు, దానికి పద్నాలుగేళ్ళు గొర్రెలు కాశాడు, ఆ సంబంధంలో మోసం చేసింది కూడా సొంత మేనమామే. ఆ అధ్యాయం మొత్తం చదవమనండి.

బైబిల్లో మీకు దగ్గరగా ఉన్న ఇల్లు వేరే ఉంది. రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం. భర్త పోయిన మనిషి, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెతో దేవుని చిత్తం అనుకుని పంపెయ్యమనలేదు, నలభై రోజులు ఉపవాసం ఉండమనీ అనలేదు. నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. ఉన్న కాస్త నూనె పాత్రలన్నీ నిండేంత అయ్యాక, అమ్మి అప్పు కట్టు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అన్నాడు. అప్పు ఎగ్గొట్టమనీ అనలేదు, గమనించండి.

మీ ఇంట్లో ఏముందో మీరే రాశారు. రోడ్డు పక్కన అరెకరం అమ్మితే అక్కగారి బాకీ మొత్తం తీరుతుంది, “చేను అమ్మితే ఊళ్ళో పరువు పోతుందని మా ఆయన ఒప్పుకోవట్లేదు.” చేను అమ్మితే పోయే పరువు, పిల్లను ఇచ్చి నోటు చింపించుకుంటే పోదా? నా మటుకు నాకు అరెకరం పోయినవాళ్ళ పక్కన కూర్చుని అన్నం తినడానికి ఏ ఇబ్బందీ లేదు.

సంఘంలో అక్కలు రోమా పత్రిక చదివి వినిపించారట, శ్రమ ఓర్పునిస్తుందని. నిజమే. కానీ ఆ శ్రమ మీదీ, మీ ఆయనదీ. మీరు ఓర్చుకోవాల్సింది పిల్లను ఓర్చుకోమనడం ఆ వాక్యంలో ఎక్కడా లేదు. మీ ఉత్తరంలో పాప మాట్లాడిన మాట ఒక్కటి లేదు. క్రిస్మస్‌కి మేనత్త చీర తెస్తే కవరు విప్పకుండా మంచం మీద పెట్టి, పెరట్లోకి పోయి అంట్ల గిన్నెలు ముందేసుకుందని మాత్రం రాశారు. ఇంకేం చెప్పాలమ్మా అది? రిబ్కా కాలంలోనే పిల్లను పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు. మీ ఇంట్లో ఇంకా అడగలేదు.

చెయ్యాల్సింది చెప్తాను. వదినగారితో మీరు మాట్లాడొద్దు, మీరు మాట్లాడితే అది ఆడపడుచు గొడవ అయిపోతుంది, ఊరంతా మిమ్మల్నే అంటుంది. మీ ఆయనే వెళ్ళాలి, పాస్టరుగారిని అడ్డం పెట్టుకోకుండా ఒక్కడే. మీరు ఆయన్ని ఒప్పించాల్సింది ఇంతవరకే, దీనికి మాత్రం వెనక్కి తగ్గొద్దు, నాలుగు రోజులు మాటల్లేకపోయినా సరే. అరెకరం బేరం పెట్టామనీ, బాకీ మొత్తం కడతామనీ, పాప చదువయ్యేదాకా సంబంధం మాట ఎత్తొద్దనీ అక్క ముందు కూర్చుని చెప్పాలి. నిలబడి కాదు. చేతిలో పదివేలన్నా పట్టుకెళ్ళి, నోటు వెనక తన సంతకంతో జమ రాసి రమ్మనండి. నోటు మీద దావా వేసే మూడేళ్ళ గడువులోపే రాస్తే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తుంది, డబ్బు పోతుందేమోనన్న భయం ఆవిడకూ తగ్గుతుంది. ఆ రోజు పాపను వెంట తీసుకెళ్ళనివ్వకండి. చీర కూడా ఆయన చేతే తిరిగి పంపండి.