ఆయనను ఫ్లెక్సీ ముందు నిలబెట్టకండి

మీ బస్తీలో ఒకప్పుడు సినిమా బ్యానర్లు వేసిన పెద్దాయన ఉన్నారని, ఆయనకు కాలనీ సంఘం తరఫున కళా పురస్కారం ఇవ్వాలనుకుంటున్నామని, లోటు లేకుండా ఎలా చేయాలని అడిగారు. మా నాన్నగారిదీ అదే వృత్తి. ముషీరాబాద్‌లో ఉంటూ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లకు పాతికేళ్లకు పైగా బ్యానర్లు, కటౌట్లు వేశారు. ఆయనకు రెండు సన్మానాలు జరిగాయి. రెండింటికీ నేను పక్కనే ఉన్నాను. ఒకటి ఎలా చేయకూడదో, ఇంకొకటి ఎలా చేయాలో కళ్లారా చూశాను.

మొదటిది ఒక సంస్థవారు చేశారు. సాయంత్రం అయిదింటికి రమ్మన్నారు. ఆ రోజు సన్మానం అందుకునేవారు ముప్పై మందికి పైనే. నాన్నగారి పేరు పిలిచేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ‘ప్రముఖ ఫ్లెక్సీ కళాకారులు’ అని పిలిచారు. వెనకాల వేదిక పొడవునా ఫ్లెక్సీ, దాని నిండా అతిథుల ఫొటోలు. శాలువా, జ్ఞాపిక, ఒక ఫొటో, ఆపైన తర్వాతి పేరు. ఆటోలో ఇంటికి వస్తూ ఆయన ఒక్క మాటే అన్నారు: “నా నోటి దగ్గర కూడు లాగేసింది అదే కదమ్మా!”

ఆ మాట అర్థం కావాలంటే ఆ పని ఎలా ఉండేదో తెలియాలి. చిన్న ఫొటో మీద పెన్సిలుతో గడులు గీసుకుని, అన్నే గడులు పెద్ద గుడ్డ మీద గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి పెంచుతూ వేసేవారు. మనిషి ఎత్తున ఉండే ముక్కును దగ్గర నుంచి వేస్తే అది ముక్కులా కనిపించదు. రోడ్డు అవతల నుంచి చూసేవాడి కన్ను ఎక్కడ ఆగుతుందో లోపలే లెక్క కట్టుకోవాలి. శుక్రవారం సినిమా అంటే గురువారం రాత్రంతా లైట్ల కింద పనే. 2000 తర్వాత ఫ్లెక్సీ యంత్రాలు వచ్చి, రోజుల తరబడి చేసే పనిని గంటల్లోకి తెచ్చాయి. కొద్ది సంవత్సరాల్లోనే పిలిచేవారు లేకుండా పోయారు. ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా యవ్వనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్ట పోసుకున్నవారేనని నాన్నగారు గర్వంగా చెప్పుకునేవారు. అలాంటి మనిషిని ఫ్లెక్సీ కళాకారుడు అన్నారు. నాకు ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది.

రెండోది మా వీధి కుర్రాళ్లు చేశారు, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో. నెలన్నర ముందే ఇద్దరు నోటు పుస్తకం పట్టుకుని ఇంటికి వచ్చారు. ఏయే థియేటర్లకు వేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, రంగులు ఎలా కలిపేవారు, అన్నీ అడిగి రాసుకున్నారు. లేచేముందు ఒకతను నెమ్మదిగా, “వేదికకు తెర మీరే వేస్తారా తాతా? కూలి మాట్లాడుకుందాం,” అన్నాడు. నాన్నగారు వెంటనే, “కొలత ఎంత?” అన్నారు. ఆ ప్రశ్న ఆయన నోట విని ఎన్నేళ్లయిందో!

గుడ్డను మేడ మీద చట్రానికి బిగించాం. వజ్రం అనే జిగురు కరిగించి, సుద్ద కలిపి పూత వేశారు. అది ఆరాక దారానికి రంగు పొడి పట్టించి, ఒక కొస నా చేతికిచ్చి, ఇంకో కొస తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలారు. టప్ మని గీత పడింది, స్కేలు పెట్టి గీసినట్టు. ఆ గీతల మధ్య అక్షరాలు నిలబెట్టారు. చేయి కొద్దిగా వణుకుతోంది. కుంచె గుడ్డకు తగిలేదాకానే వణుకు, తగిలాక లేదు. తలకట్లన్నీ చివర్లో ఒకే ఊపున వేశారు.

తన పేరు రావలసిన చోటు మాత్రం ఖాళీగా వదిలేశారు. ఎవరి పేరు వాళ్లు రాసుకోకూడదట. కుర్రాళ్లు వాకబు చేసి, ఒకప్పుడు ఆయన దగ్గర రంగు డబ్బాలు మోస్తూ పని నేర్చుకున్న శిష్యుణ్ణి వెతికి తీసుకొచ్చారు. ఆయనకూ ఇప్పుడు జుట్టు నెరిసింది. మోకాళ్ల మీద కూర్చుని గురువు పేరు రాశారు. నాన్నగారు వెనక నిలబడి చూసి, “సున్నా ఇంకా గుండ్రంగా రావాలిరా,” అన్నారు. ఆయన మారు మాట్లాడకుండా తుడిచి మళ్లీ రాశారు.

సభలో ఆ రోజు సన్మానం ఆయన ఒక్కరికే. గంటన్నరలో ముగిసింది. మాట్లాడమంటే మొదట జంకారు, తర్వాత గడుల లెక్క చెబుతూ ఇరవై నిమిషాలు ఆగలేదు. పిల్లలు ముందుకు వచ్చి కూర్చున్నారు.

మీకు నేను గట్టిగా చెప్పేది సన్మాన పత్రం గురించి. ‘కళామతల్లి ముద్దుబిడ్డ’ లాంటి మాటలు ఎవరికైనా సరిపోతాయి, కాబట్టి ఎవరికీ అతకవు. ఏ పని, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎక్కడెక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి. తేదీ వేసి, సంఘం ముద్ర వేసి ఇవ్వండి. 60 ఏళ్లు నిండిన పేద కళాకారులకు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఆర్థిక సాయం పథకం ఉంది; తెలంగాణలో అయితే హైదరాబాద్ రవీంద్రభారతి ఆవరణలోని భాషా సాంస్కృతిక శాఖలో అడగాలి. ఇన్నేళ్లు ఈ పని చేశాను అనడానికి మా నాన్నగారి దగ్గర ఒక్క కాగితమూ లేదు. వేసిన బ్యానర్లన్నీ వానకు తడిసో, మరుసటి సినిమాకు తెల్ల పూత కిందో పోయాయి. దరఖాస్తుకు జత చేయడానికి చివరకు పనికొచ్చింది ఆ కుర్రాళ్లు రాసిన పత్రమే.

నగదు ఇస్తే కవరులో పెట్టి ఆ రోజే చేతికివ్వండి, తర్వాత ఇళ్ల చుట్టూ తిప్పుకోకండి. తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపే బాధ్యత ఒకరికి అప్పగించండి. శాలువా ఒక్కటి చాలు.

తెర వేయించాలనుకుంటే మాత్రం నెల ముందే చెప్పండి. వానాకాలమైతే ఇంకో వారం కలుపుకోండి. అవిసె నూనె రంగు ఆరడానికి మంచి ఎండ కావాలి.