డాక్టర్ సలహా: వేళ్ల తిమ్మిరికి కీబోర్డ్ మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36, ప్రోగ్రామర్ని. పగలంతా కోడింగ్, సాయంత్రం వంట నాదే, వారాంతాల్లో ఇంట్లో ఏదో ఒకటి బిగించడం, డ్రిల్లింగ్, సోల్డరింగ్ చేస్తుంటా. కొన్ని నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రిళ్లు మెలకువ వచ్చేస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. ఎప్పుడెప్పుడు వస్తోందో నోట్ చేసుకోడానికి ఒక స్క్రిప్ట్ రాసుకున్నా, దాని గ్రాఫ్ పంపుతున్నా. డైక్లోఫెనాక్, నరాల విటమిన్ వాడుతున్నా, కొంచెం నయం. మొన్న పెనం అంచు చూపుడువేలికి తగిలి బొబ్బ వచ్చింది, అదృష్టం కొద్దీ నొప్పి పెద్దగా లేదు, టూత్‌పేస్ట్ రాశా. బీపీ ఒకసారి 150/96 అన్నారు, టెన్షన్ వల్ల అనుకుంటా. నాన్నగారికి షుగర్ ఉంది. నా ప్రశ్న ఏంటంటే, రెండు ముక్కలుగా ఉండే స్ప్లిట్ కీబోర్డ్ నేనే సోల్డర్ చేసి తయారు చేసుకుందామనుకుంటున్నా, ఎంత వాలు పెడితే మణికట్టుకి మంచిది? నిలువు మౌస్ కూడా తీసుకోవాలా?

జవాబు: కీబోర్డ్ సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ వేలి సంగతి చూద్దాం. బొబ్బ లేచేంత కాలింది, నొప్పి పెద్దగా లేదు అని మీరు కలిసొచ్చిన విషయంలా రాశారు, నాకు మీ ఉత్తరం మొత్తంలో గుచ్చుకున్న మాట అదే. వేలి కొసకి వేడి తగిలితే మనం ఆలోచించేలోపే చెయ్యి వెనక్కొచ్చేయాలి. అంత కాలినా సరిగా తెలియలేదంటే అక్కడ స్పర్శ తగ్గి ఉండొచ్చు. తిమ్మిరి వచ్చి పోతూ ఉండటం ఒక దశ, స్పర్శే మందగించడం ఆ తర్వాతి దశ, మీరు రెండోదాంట్లోకి అడుగుపెట్టారేమో అని నా అనుమానం. చెయ్యి చూడకుండా ఖాయంగా చెప్పలేను, అందుకే అనుమానం అంటున్నా, కానీ దీన్ని ఇంకో నెల చూద్దాంలే అని వదిలేసే విషయం మాత్రం కాదు.

మీరు చెప్పినవి చాలావరకు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌కి సరిపోతున్నాయి. మణికట్టు దగ్గర కింద ఎముకలు, పైన అడ్డంగా గట్టి పట్టీ లాంటి లిగమెంట్, మధ్యలో ఒక ఇరుకు దారి ఉంటుంది, వేళ్లని ముడిచే 9 టెండన్లూ (కండని ఎముకకి కలిపే తాళ్లు), మీడియన్ నరమూ అందులోంచే పోవాలి. లోపల కాస్త వాపు వచ్చిందంటే ముందు నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం దాని పరిధి. చిటికెన వేలిది వేరే నరం, మీరు దాని గురించి ఏమీ రాయలేదు, ఒకసారి గమనించండి, అది కూడా తిమ్మిరెక్కుతుంటే వేరే కారణాలు వెతకాలి. నిద్రలో మనకి తెలీకుండానే మణికట్టు వంగిపోతుంది, వంగితే ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది, అందుకే మెలకువలు. చెయ్యి విదిలిస్తే తగ్గుతోందన్నారు చూడండి, పేషెంట్ ఆ మాట అనగానే మేం సగం నోట్ రాసేసుకుంటాం.

మెడలో నరం నొక్కుకున్నా ఇంచుమించు ఇవే వేళ్లు తిమ్మిరెక్కొచ్చు. మెడ తిప్పినప్పుడు భుజం మీదుగా చేతిలోకి లాగినట్టు ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మీ గ్రాఫ్ చూశా. "ఎప్పుడో అప్పుడప్పుడూ వస్తుందండీ" అని చెప్పేవాళ్లతో పోలిస్తే చాలా నయం, థాంక్స్. రాత్రి 2 నుంచి 4 మధ్య చుక్కల గుంపు ఒకటి, వారాంతం మధ్యాహ్నాల్లో ఇంకోటి కనపడుతున్నాయి. పని రోజుల్లో పగలు, అంటే మీరు కోడ్ రాసే టైమ్‌లో, దాదాపు ఖాళీ! కీబోర్డే దోషి అని మీరు ముందే తీర్పు ఇచ్చేసుకున్నారు కానీ మీ డేటానే మీ మాట వినట్లేదు. కీబోర్డ్ వాడకంతో ఈ జబ్బు వస్తుందనడానికి ఉన్న ఆధారాలు అంత గట్టివి కావు, డ్రిల్ లాంటి అదిరే పరికరాలు, గట్టిగా పట్టుకుని బలం పెట్టి పదే పదే చేసే పనుల విషయంలో ఆధారాలు బాగా గట్టివి. వంటలో కూడా గట్టి పిండి మర్దించడం, పదును పోయిన కత్తితో నొక్కి నొక్కి తరగడం ఈ బాపతే. కత్తికి పదును పెట్టుకుంటే బలం తక్కువ పడుతుంది, కానీ స్పర్శ తగ్గిన వేళ్లతో పదును కత్తి పట్టుకునేటప్పుడు కళ్లు దాని మీదే ఉండాలి, ఫోన్‌లో వీడియో చూస్తూ తరగడం కుదరదు.

ఆ గ్రాఫ్‌లో లేని కాలమ్ ఒకటుంది, టాబ్లెట్లు. ఏ రోజు వేసుకున్నారు, ఎన్ని మిల్లీగ్రాములవి, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు, ఏమీ లేదు, "వాడుతున్నా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎవరు రాసిచ్చారో చెప్పలేదు అంటే ఎవరూ రాయలేదనే అనుకోవాలి. గోడకి డ్రిల్ పెట్టే ముందు లోపల వైరు ఉందేమో చూసుకుంటారు, కోడ్ మార్చే ముందు బ్యాకప్ తీసుకుంటారు, ఒంట్లోకి పోయే మందుకి మాత్రం ఇవేమీ అక్కర్లేదు. మీ ఒక్కరినే అనట్లేదు లెండి, ఈ కాలమ్‌కి వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే వరస.

డైక్లోఫెనాక్ నొప్పినీ వాపునీ తగ్గించే మందు, నరం మీద ఒత్తిడిని తియ్యదు, కార్పల్ టన్నెల్‌లో ఈ రకం మందుల వల్ల పెద్ద లాభం కనపడలేదు. మీకు కలిగిన "కొంచెం నయం" బహుశా డ్రిల్లింగ్ చేసిన ఒళ్లు నొప్పులది అయ్యుండొచ్చు, లోపల నరం నలుగుతూనే ఉంటుంది, మీరేమో తగ్గుతోందనుకుని ఇంకో నెల లాగేస్తారు. ఇంకో గొడవేంటంటే ఈ మందులు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచేలా చేస్తాయి, దాంతో బీపీ పెరుగుతుంది. మీది 150/96 వచ్చింది, టెన్షన్ అన్నారు, కావచ్చు, టాబ్లెట్ వల్ల కావచ్చు, అసలు బీపీయే ఉండి ఉండొచ్చు, ఒక్క రీడింగ్ చూసి ఎవరూ చెప్పలేరు. వారం రోజులు ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూసి రాసుకోండి, మీకు స్క్రిప్ట్ రాయడానికి అంతకంటే మంచి పని దొరకదు. ఇంట్లో చూసినవాటి సగటు 135/85 దాటుతుంటే డాక్టర్ చూడాల్సిందే.

ఈ మందులు కడుపునీ కిడ్నీలనీ కూడా దెబ్బతీయొచ్చు. గ్యాస్ టాబ్లెట్ తోడుగా వేసుకుంటున్నాం కదా అంటారు కొందరు, అది కడుపుని కొంతవరకు కాపాడుతుంది, కిడ్నీలని కాదు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనపడినా ఉత్తరాలు రాస్తూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. చాలా పెయిన్ కిల్లర్లలో పారాసెటమాల్ కూడా కలిపి ఉంటుంది, అది చూసుకోకుండా తలనొప్పికి విడిగా ఇంకోటి వేస్తారు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కూడా అన్నీ కలిపి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, మద్యం అలవాటు ఉన్నా లివర్ సమస్య ఉన్నా ఇంకా తక్కువే. డాక్టర్‌ని కలిసేదాకా డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దనే నా సలహా. వేరే కారణానికి ఎవరైనా డాక్టరే రాసిచ్చి ఉంటే మాత్రం వాళ్లని అడగండి.

ఇక నరాల విటమిన్. ఇది ఎవరూ అనుమానించరు, విటమిన్ కదా ఏం చేస్తుందిలే అనుకుంటారు. మీ స్ట్రిప్ మీద బీ6 లేదా పైరిడాక్సిన్ అని ఎంత ఉందో చూడండి. మీ వయసువాళ్లకి రోజుకి కావలసింది దాదాపు 1.3 మిల్లీగ్రాములు, కొన్ని మాత్రల్లో అది పదుల రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే బీ6 వల్లే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి, తిమ్మిరికని వేసుకున్న మందు తిమ్మిరి తెచ్చిపెడుతుందన్నమాట. మామూలుగా అది రెండు పాదాల్లో, రెండు చేతుల్లో సమానంగా వస్తుంది కాబట్టి మీ ఒక్క చేతి తిమ్మిరికి కారణం అదేనని నేను అనట్లేదు. కానీ అసలు లోపం ఉందో లేదో చూడకుండా ఎందుకు మింగుతున్నట్టు? బీ12 పరీక్ష చేయించుకోండి, తక్కువుంటే అప్పుడు వాడొచ్చు.

కాలిన చోట టూత్‌పేస్ట్ రాశారు. కాలగానే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టడం, అంతే. ఐస్ వద్దు, పేస్ట్ వద్దు, బొబ్బ చిదమొద్దు. ఇప్పుడు ఆ వేలు ఎర్రబడి వాచినా, చీము కనపడినా చూపించండి. ఆఖరి టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడో గుర్తులేకపోతే, డ్రిల్లూ స్క్రూలూ పట్టుకునే మనిషికి అది కూడా పనిలో పనిగా అడగాల్సిన విషయమే.

ముందు దగ్గర్లోని ఫిజీషియన్‌ని కలవండి, అవసరమైతే ఆయనే న్యూరాలజిస్ట్ దగ్గరకో ఆర్థో దగ్గరకో పంపుతారు. మణికట్టు ఒక నిమిషం వంచి ఉంచి చూస్తారు, నరం మీద వేలితో తట్టి చూస్తారు, బొటనవేలి కింద కండ చిక్కిపోయిందా అని రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఇది మీరూ ఇప్పుడే చూసుకోవచ్చు, కుడివైపు ఆ ఉబ్బు పల్చబడినట్టు ఉన్నా, గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, కప్పులు చేతిలోంచి జారిపోతున్నా ఈ వారంలోనే వెళ్లండి. నెర్వ్ కండక్షన్ టెస్ట్‌తో నరం ఎంత దెబ్బతిందో తెలుస్తుంది. దాంతోపాటు కొన్ని రక్తపరీక్షలు: గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, బీ12, మీరు పెయిన్ కిల్లర్లు వాడారు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. షుగర్, థైరాయిడ్ తగ్గడం రెండూ కార్పల్ టన్నెల్‌తో చేయి కలిపే జబ్బులే, నాన్నగారికి షుగర్ ఉందన్నారు, 36 ఏళ్లకి నాకెందుకు అనుకోవద్దు. హెచ్‌బీఏ1సీ 5.7 శాతానికి చేరితే జాగ్రత్త పడాలి, 6.5కి చేరితే డయాబెటిస్ కింద లెక్క, సాధారణంగా ఇంకోసారి చేసి ఖాయం చేస్తారు.

తొలిదశలో అయితే రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉండేలా స్ప్లింట్ కట్టుకుని ఆరు వారాలు చూడమంటాం, చాలామందికి దాంతోనే ఊరట దొరుకుతుంది. బిగుతుగా కట్టకూడదు, నరం ఇంకా నలుగుతుంది. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, అదీ చాలకపోతే ఆ లిగమెంట్‌ని కోసి దారి వదులు చేసే చిన్న ఆపరేషన్, ఎక్కువగా ఆ చోటికి మాత్రమే మత్తిచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆపరేషన్ అనగానే భయపడి ఏడాది రెండేళ్లు లాక్కొచ్చేవాళ్లే నన్ను కంగారు పెడతారు, కండ బాగా చిక్కిపోయాక నరాన్ని వదులు చేసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

సరే, కీబోర్డ్. ఇన్ని డిగ్రీలని నేను చెప్పలేను, అలాంటి మంత్రసంఖ్య లేదు. మణికట్టు పైకో పక్కకో వంగకుండా ముంజేతికి వరసలో ఉంటే చాలు, నిలువు మౌస్ చేతికి హాయిగా ఉంటే వాడండి, అది మందు మాత్రం కాదు. తయారు చేసుకోవడం మాత్రం స్పర్శ పరీక్ష అయ్యేదాకా ఆపండి. సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల దగ్గర ఉంటుంది, మొన్న పెనం అంచే సరిగా తెలియని వేలు దీన్ని ఎలా కనిపెడుతుంది? తర్వాతైనా సీసం కలిసిన సోల్డర్ ముట్టుకున్న చేతులతో తినొద్దు, వంట చేసే బల్ల మీద అసలే వద్దు, ఫ్లక్స్ (సోల్డర్ బాగా అతుక్కోడానికి వాడే పదార్థం) పొగ కొందరికి ఆస్తమా తెస్తుంది కాబట్టి కిటికీ తీసి ఉంచండి.

తిమ్మిరి ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యంతా పాకినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, నిమిషాల మీద ఆసుపత్రికి చేరాలి. నడకలో తూలు, రెండు చేతులూ మొరటుగా అయిపోవడం ఉంటే మెడ దగ్గర వెన్నుపామును వెంటనే చూడాలి. మీ ఉత్తరంలో ఇవేమీ లేవు, తెలిసుండాలని చెప్తున్నా.

డాక్టర్ దగ్గరకి వెళ్లేటప్పుడు గ్రాఫ్‌తో పాటు ఆ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి, పేరు, మోతాదు ఉన్న వైపు చింపకుండా.