హెపటైటిస్ సి తగ్గకపోతే అది మన జీన్స్ వల్లేనా?

"కొందరికి హెపటైటిస్ సి దానంతట అదే పోతుంది, కొందరికి ఇంటర్‌ఫెరాన్ మందు వాడినా పోలేదు. ఇదంతా జీన్స్ వల్లేనా? ఐఎల్28బి అనే జీన్ టెస్ట్ చేయించుకోవాలా?" అని అడిగారు. జీన్స్ పాత్ర పెద్దదే, కానీ అంతా వాటివల్లే కాదు. నా విషయంలో మాత్రం వాటి ప్రభావం గట్టిగానే ఉందని నా నమ్మకం.

చిన్నప్పుడు అక్కకీ నాకూ ఒకే చోట, సరిగా మరిగించని సూదులతో ఇంజెక్షన్లు వేశారు. వైరస్ అలా వచ్చి ఉంటుందని డాక్టర్ల అంచనా. పెద్దయ్యాక చూస్తే ఇద్దరికీ యాంటీబాడీ పాజిటివ్, అంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందని గుర్తు. కానీ వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో అక్క రక్తంలో వైరస్ జాడే లేదు. ఎప్పుడో తనకే తెలియకుండా వదిలిపోయింది. నాకు మాత్రం జీనోటైప్ 1 రకం వైరస్, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) లక్షల్లో.

2011లో 48 వారాల కోర్సు మొదలైంది. ఇమ్యూనిటీని వైరస్ మీదికి ఉసిగొల్పే పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ వారానికొకటి, రోజూ రైబావైరిన్ మాత్రలు. శుక్రవారం రాత్రి ఇంజెక్షన్, శనివారమంతా చలిజ్వరం. జుట్టు ఊడింది, హిమోగ్లోబిన్ పడిపోయింది, చిన్న మాటకే ఏడుపొచ్చేది. క్యాలెండర్‌లో ఒక్కో శుక్రవారానికీ సున్నా చుట్టుకుంటూ 12వ వారం దాకా లాక్కొచ్చాను. అప్పటికి వైరల్ లోడ్ కనీసం వందో వంతుకు పడిపోకపోతే కోర్సు ఆపేసేవాళ్లు. నాది పడలేదు.

రిపోర్టు చూసి డాక్టర్ అన్న మొదటి మాట: "ఇంజెక్షన్లు మధ్యలో మానేశారా?"

నాకు నోట మాట రాలేదు. సంచిలోంచి క్యాలెండర్ తీసి బల్ల మీద పెట్టాను. పక్కనున్న అక్కే అంది, "వీడు ఒక్క వారం కూడా తప్పలేదండీ. నేనే దగ్గరుండి వేయించాను." ఆయన క్యాలెండర్ వైపు చూడనైనా లేదు. మందు పనిచేయకపోతే తప్పు రోగిదేనా? ఈ అలవాటు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత ఇంకో డాక్టర్ ఐఎల్28బి రాశారు. ఆ జీన్ దగ్గర ప్రతి ఒక్కరికీ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, సి లేదా టి అనే డీఎన్‌ఏ అక్షరం వస్తుంది. నాది టిటి, అక్కది సిసి. అమ్మానాన్నలిద్దరికీ ఒక సి, ఒక టి ఉండి ఉండాలి. అక్క వాటాకి రెండు సీలూ, నా వాటాకి రెండు టీలూ వచ్చాయి.

19వ క్రోమోజోమ్ మీద ఉన్న ఈ తేడా సంగతి 2009లో బయటపడింది. జీనోటైప్ 1లో ఇంటర్‌ఫెరాన్ సిసి వాళ్లకి బాగా పనిచేస్తుంది, మందు లేకుండా వైరస్ పోయే అవకాశమూ వాళ్లకే ఎక్కువ. 2013లో ఆ పక్కనే ఐఎఫ్‌ఎన్‌ఎల్4 అనే జీన్ దొరికింది. నాలాంటి వాళ్లలో అది లాంబ్డా 4 అనే ఇంటర్‌ఫెరాన్ తయారుచేస్తుంది. ఒక ఇంటర్‌ఫెరాన్ అదనంగా ఉంటే మంచిదే కదా అనుకుంటాం. కానీ జరిగేది వేరు. కాలేయంలో ఇంటర్‌ఫెరాన్ నడిపించే జీన్స్ ముందునుంచే పనిలో ఉంటాయి, బయటినుంచి ఇంకా ఎక్కించినా అవి కొత్తగా స్పందించేది తక్కువ. అది చదివిన రోజు ఆ క్యాలెండర్ గుర్తొచ్చి చాలాసేపు ఏడ్చాను.

నా ఒక్కడి కథే అనుకుంటే ఐర్లండ్ సంగతి చూడండి. 1977-78లో కలుషితమైన యాంటీ-డి ఇంజెక్షన్ల (నెగటివ్ బ్లడ్ గ్రూపు తల్లులకి ఇచ్చేవి) వల్ల అక్కడ చాలామంది మహిళలకి ఒకే మూలం నుంచి ఈ వైరస్ సోకింది. తర్వాత పరీక్షల్లో ఆనవాళ్లు దొరికిన 704 మందిలో 390 మందికే రక్తంలో వైరస్ మిగిలి ఉంది. మిగతావాళ్ల శరీరం దాన్ని తరిమేసింది. ఇమ్యూనిటీకి సంబంధించిన హెచ్‌ఎల్‌ఎ బి27 అనే జీన్ రకం ఉన్నవాళ్లు అలా బయటపడటం ఎక్కువని ఆ మహిళల్లోనే చూశారు.

ఇక టెస్ట్ సంగతి. ఇప్పుడు అక్కర్లేదు. కొత్త మాత్రలు మన ఇమ్యూనిటీని బతిమాలవు, నేరుగా వైరస్ మీదే పనిచేస్తాయి. సిసి అయినా టిటి అయినా 95 శాతం పైగా నయమవుతోంది. 2015లో రోజుకో మాత్ర చొప్పున సోఫోస్బువిర్, లెడిపాస్విర్ కలిపినది 12 వారాలు వేసుకున్నాను. వైరస్ పోయింది, మళ్లీ రాలేదు.

ఆ డబ్బుతో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించుకోండి. యాంటీబాడీ రిపోర్టు నయమైన తర్వాత కూడా పాజిటివ్ అనే చూపిస్తుంది. దాన్ని చూసి నా పళ్లెం వేరుగా పెట్టిన బంధువులున్నారు. కలిసి తింటే ఇది అంటుకోదు. అక్క మాత్రం మొదటి రోజునుంచీ నా పక్కనే కూర్చుని తినేది.