వరంగల్ టూరు 25 వేలలో అవుతుంది, కానీ పెండ్లి బట్టలు ఆ సంచిలో పెట్టకండి

ప్రశ్న: మాది గోదావరిఖని. మా ఆయన సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌ పని చేస్తారు. దసరాకు లాభాల వాటా కటింగులు పోను 1,40,000 చేతికి వచ్చింది. డిసెంబర్‌లో మేమిద్దరం, అత్తమ్మ, బిడ్డ (14 ఏండ్లు), బాబు (10 ఏండ్లు) మూడు రోజులు వరంగల్ చూసి రావాలనుకుంటున్నాం. 25 వేలు సరిపోతాయా? మాఘమాసంలో మా ఆడబిడ్డ కూతురి పెండ్లి ఉంది. ఎట్లాగూ పోతున్నాం కదా, పెండ్లి బట్టలు, పిల్లకు పెట్టే అరతులం కమ్మలు కూడా అక్కడే కొందామని మా ఆయన అంటున్నారు. దానికి డబ్బు కోసం లక్ష చిట్టీ ఈ నెల పాడుకుందామంటున్నారు. 20 నెలల చిట్టీ, ఇది ఏడో నెల, పాట 20 వేల దాకా పోతోంది. ఇల్లు రిపేరుకు నా హారం కుదువ పెట్టి 60 వేలు తెచ్చాం, రెండు రూపాయల వడ్డీ. మూడు నెలలుగా వడ్డీ కట్టలేదు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మీరు అడిగింది టూరు గురించి. నా కన్ను మాత్రం ఉత్తరంలో చివరి రెండు వాక్యాల దగ్గరే ఆగింది. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 రూపాయలు. 60 వేలకు నెల నెలా 1,200. మీరు టూరుకు పోయినా పోకపోయినా, పడుకున్నా లేచినా ఆ 1,200 పెరుగుతూనే ఉంటుంది. బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే అందులో మూడో వంతు కూడా రాదు. అందుకని లాభాల వాటాలో మొదటి 63,600 ఎక్కడికి పోవాలో వేరే చెప్పనక్కర్లేదు. అసలు 60 వేలు, మూడు నెలల వడ్డీ 3,600 కట్టి హారం ఇంటికి తెచ్చుకోండి. మిగిలేది 76,400. టూరు, పెండ్లి లెక్కలు ఇక్కడి నుంచి మొదలు పెడదాం.

చిట్టీ మాట ముందే తేల్చేస్తాను. లక్ష చిట్టీని 20 వేలు పోగొట్టుకుని పాడుకుంటే చేతికి వచ్చేది 80 వేలు. పోయిన 20 వేలలో చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ పోను మిగిలింది సభ్యులందరికీ పంచుతారు కాబట్టి మీ వంతుగా తిరిగి వచ్చేది వెయ్యి లోపే. అంటే కమ్మల కోసం, బట్టల కోసం దగ్గర దగ్గర 19 వేలు ముందే వదులుకుంటున్నారు. టూరు మొత్తానికి మీరు అనుకున్నది 25 వేలే కదా! పాడకుండా ఆగితే నెల నెలా వచ్చే తగ్గింపు మీకే మిగులుతుంది, చివరి నెలల్లో పాట కూడా పడిపోతుంది. బిడ్డ పదో తరగతి అయిపోయి ఇంటర్‌లో చేర్పించే నాటికి ఆ చిట్టీ అక్కరకు వస్తుంది, దాన్ని అక్కడే ఉంచండి. అది రిజిస్టర్ అయిన చిట్టీయేనా, చేతి చిట్టీయా అన్నది కూడా ఒకసారి చూసుకోండి.

ఇక టూరు. 25 వేలు సరిపోతాయి. ఎట్లా సరిపోతాయో నేను అనుకున్న రేట్లతో చెప్తాను, మీరు ఫోన్లు చేసి కనుక్కుని అటూ ఇటూ సర్దుకోండి.

పోనురాను ఖర్చు మీకు చాలా తక్కువ. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెటే. మీరు, అత్తమ్మ, బిడ్డ ముగ్గురూ అందులోకి వస్తారు. మీ ఆయనకు ఫుల్ టికెట్, బాబుకు అర టికెట్. అసలు ఆధార్ కార్డులు వెంట పెట్టుకోండి, సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం అందరికీ డబ్బులు కట్టాల్సిందే. అయితే అత్తమ్మకు మోకాళ్ల నొప్పులుంటే నిండిపోయిన ఫ్రీ బస్సులో నిలబెట్టి తీసుకుపోకండి. రామగుండంలో రైలెక్కండి. సికింద్రాబాద్ వైపు పోయే బండి దొరికితే కాజీపేటలో దిగండి, విజయవాడ వైపు పోయేదైతే వరంగల్ స్టేషన్‌లో దిగండి. రెండు చోట్ల నుంచీ హన్మకొండకు ఆటోలు దండిగా ఉంటాయి. జనరల్ టికెట్లయితే ఐదుగురికీ రానుపోను వెయ్యి రూపాయల లోపే.

గది దగ్గర కొంచెం నెమ్మదిగా ఆలోచించండి. ఐదుగురు ఒకే గదిలో సర్దుకుంటామని పోయి, అక్కడికెళ్లాక ఎక్స్‌ట్రా బెడ్‌కు, మనిషికి ఇంత అని లెక్క పెంచించుకోవడం మనవాళ్లకు అలవాటే. నేను కూడా ఓసారి ఫోన్‌లో చెప్పిన రేటు నమ్మి పోతే, కౌంటర్ దగ్గర "సార్, అది ఇద్దరికే" అన్నారు. అందుకే రెండు గదులు, రెండు రాత్రులు అని లెక్క వేశాను. గదికి 1,800 చొప్పున 7,200, దాని మీద జీఎస్టీ 5 శాతం 360, మొత్తం 7,560. రోజుకు 7,500 లోపు ఉన్న గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5కు తగ్గింది. ఎవరైనా బిల్లులో ఇంకా 12 వేస్తే అడగండి. ఎంతమంది, ఎన్ని గదులు, పన్నుతో కలిపి ఎంత అన్నది ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. గది హన్మకొండలోనే తీసుకోండి. వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి దగ్గర, ములుగు వైపు పోవడానికీ అదే అనువు.

మొదటి రోజు ఖిలా వరంగల్. పొద్దు దిగేటప్పుడు పోతే ఎండ తగలదు, నాలుగు కీర్తి తోరణాలూ చూడటానికి అదే మంచి వేళ. పురావస్తు శాఖ టికెట్ పెద్ద ఖర్చేం కాదు, 15 ఏండ్ల లోపు పిల్లలకు అసలే లేదు. అంటే మీ ఇద్దరు పిల్లలకూ ఫ్రీ. బాబుకు మన రాష్ట్ర రాజముద్రలో ఉన్న తోరణం ఇదేనని చెప్పండి, వాడు ఇంటికొచ్చే దాకా అదే మాట చెప్తాడు. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రుద్రదేవుడు కట్టించాడు. మరుసటి ఉదయం తొందరగా లేచి దర్శనం చేసుకుని రామప్పకు బయలుదేరండి.

ఈ ఒక్కచోట మాత్రం పొదుపు చూసుకోకండి. ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటోలో రామప్ప గుడి ఉన్న పాలంపేట పోవచ్చు, మీ ముగ్గురికి బస్సు ఖర్చు సున్నా. కానీ ఒకే రోజులో రామప్ప, లక్నవరం చెరువు రెండూ చూడాలంటే, అత్తమ్మను మూడు బండ్లు మార్చి తిప్పాలంటే ఆ రోజంతా రోడ్డు మీదే పోతుంది. నాలుగు వేల దాకా పెట్టి కారు మాట్లాడుకోండి. డీజిల్, డ్రైవర్ బత్తా, పార్కింగ్ కలిపి ఎంతో ఎక్కేముందే తేల్చుకోండి. రామప్ప గుడిని 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుందని, పునాది కింద ఇసుక నింపారని గైడ్ చెప్తుంటే పిల్లలు ఊరికే నిలబడరు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు. గైడ్‌కు ఇచ్చే డబ్బు దండగ అనుకోకండి. లక్నవరంలో వేలాడే వంతెన, బోటింగ్. గైడ్, టికెట్లు, బోటు అన్నిటికీ కలిపి వెయ్యి పెట్టాను. ఆ దారిలో మంచి భోజనం దొరికే చోట్లు తక్కువ, ఆకలయ్యాక వెతుక్కోవద్దు. పొద్దున్నే టిఫిన్‌తో పాటు మధ్యాహ్నానికి పులిహోరో పెరుగన్నమో కట్టించుకుని పోండి.

తిండికి రోజుకు 1,500, మూడు రోజులకు 4,500. హన్మకొండలో సాయంత్రం పూట రోడ్డు పక్కన వేడి వేడి జొన్నరొట్టెలు కాలుస్తుంటారు, రెండు రొట్టెలు, ఓ కూరతో అత్తమ్మ రాత్రి భోజనం అయిపోతుంది. పిల్లలు బిర్యానీ అంటారు, ఒక్క పూట తినిపించండి. ఇంకో పూట బగారా అన్నం, నాటుకోడి కూర తినండి, అది మన పెండ్లిళ్ల రుచి. సర్వపిండి దొరికితే కొని తినండి గానీ, మీ ఇంట్లో సర్వప్ప అంటారో గిన్నప్ప అంటారో, అది మీ అత్తమ్మ చేసినంత బాగా ఎవరూ చేయరు. సకినాలు మాత్రం అక్కడ కిలోల లెక్కన కొని మోసుకురాకండి, ఇంటి నుంచే ఓ డబ్బా పట్టుకుపోండి. రైల్లో చిప్స్ ప్యాకెట్ల ఖర్చు కూడా తప్పుతుంది.

ఊళ్లో ఆటోలకు 1,500. ఇప్పటి దాకా కూడితే 19,560.

మూడో రోజు భద్రకాళి దర్శనం, తర్వాత కొత్తవాడ. టూరు గుర్తుగా ఒక్క వస్తువు కొనాలంటే నా సలహా షత్రంజీయే, అదే నేల మీద పరిచే నేత జంపఖానా. వరంగల్ షత్రంజీలకు 2018లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు వచ్చింది, వాటిని నేసే ఇండ్లు కొత్తవాడలోనే ఉన్నాయి. షోరూం కన్నా సొసైటీ దగ్గరో, నేసేవాళ్ల దగ్గరో చూడండి. తిప్పి చూస్తే రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉండాలి. ఒక వైపే రంగు గట్టిగా ఉండి వెనక వెలిసినట్టుంటే అది నేసిన డిజైన్ కాదు, అద్దినది. బేరం ఆడండి, తప్పు లేదు, కానీ మగ్గం ముందు కూర్చున్న మనిషి దగ్గర వంద రూపాయల కోసం అరగంట గుంజకండి. దీనికి, పిల్లల చిన్న చిన్న కోరికలకు కలిపి 4,000. మొత్తం 23,560. మిగిలిన 1,440 ముట్టుకోవద్దు, అది జ్వరానికి, తప్పిపోయిన రైలుకు. పెంబర్తి ఇత్తడి సామాను చూడాలని కూడా అనిపిస్తుంది కానీ అది జనగామ దగ్గర, మీ దారి కాదు, ఈసారికి వదిలేయండి.

ఇప్పుడు మీ ఆయన మాట. మేనమామగా ఆయన పెట్టాల్సింది పెట్టాల్సిందే, అందులో నేను వేలు పెట్టను. నేను వద్దనేది ఒకటే, టూరులో కొనడం. వరంగల్ జేపీఎన్ రోడ్డు బట్టల దుకాణాల్లో పిల్లలు కాళ్లు నొప్పులని ఏడుస్తుంటే, అత్తమ్మ "రైలు టైమైతంది" అంటుంటే, పది చీరలు చూడాల్సిన చోట రెండు చూసి బిల్లు కట్టేస్తారు. పైగా మూడు రోజులు చేయి ఖర్చుకు అలవాటు పడి ఉంటుంది, అక్కడ రెండు వేలు ఎక్కువైనా ఎక్కువ అనిపించదు. ఇంటికొచ్చాక అది పెండ్లి ఖర్చో టూరు ఖర్చో తెలియక ఇద్దరూ గొడవ పడతారు. ఇట్లాంటి జంటలను నా ఆఫీసులో చాలామందిని చూశాను. పెండ్లి బట్టలకు జనవరిలో మీరిద్దరే కరీంనగర్‌కో, మళ్లీ వరంగల్‌కో ఒక్కరోజు పోయి రండి.

పెండ్లికి 40 వేలు దాటవద్దని నా మాట. 76,400లో టూరుకు 25 వేలు, పెండ్లికి 40 వేలు పోతే 11,400 మిగులుతుంది. దాన్ని ఎఫ్‌డీ వేయండి. 40 వేలలో బట్టలు పోను మిగిలినదానికి ఎంత బంగారం వస్తే అంతే పెట్టండి, అది అరతులం కాకపోవచ్చు. కమ్మల్లో తరుగు, మజూరీ, పైన 3 శాతం జీఎస్టీ పోతాయి, అదే డబ్బు కవర్లో పెడితే పిల్లకు పూర్తిగా చేరుతుంది. ఆడబిడ్డకు బంగారమే కావాలంటే నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ హాల్‌మార్క్ నంబరు చూసి, బిల్లు తీసుకోండి.

తేదీలు పెట్టుకునేటప్పుడు మీ ఆయన మస్టర్లు (హాజరు) చూసుకోండి. వారపు సెలవుకు రెండు సీఎల్‌లు (క్యాజువల్ లీవులు) కలిపితే సరిపోతుంది, సెలవు లేకుండా నాగా పెడితే పోయిన జీతం కూడా టూరు ఖర్చులోనే వేసుకోవాలి. డిసెంబర్ మంచిదే. మేడారం జాతర ఉన్న ఏడాదైతే సంక్రాంతి దాటితే ములుగు దారంతా జనమే, గదులూ దొరకవు, కార్ల రేట్లూ పెరుగుతాయి, కాబట్టి వాయిదా వేయకండి. 25 వేలను వేరే ఖాతాలో వేసి, మూడు రోజులూ ఆ ఖాతా నుంచే ఫోన్‌పే చేయండి. ఆ ఫోన్ మీ దగ్గరే ఉండాలి, ఆయన దగ్గర కాదు.

చపాటా మిర్చి గురించి మీరు అడగలేదు గానీ, ఎనుమాముల మార్కెట్ పేరు విని ఎవరో ఒకరు కిలోలు తెమ్మంటారు. 2025లో దానికి కూడా జీఐ వచ్చింది, రంగు బాగుంటుంది, కారం తక్కువ. కానీ కొత్త పంట ఎక్కువగా మార్కెట్‌కు వచ్చేది ఫిబ్రవరి నుంచి. ఏడాది కారం పట్టించేటప్పుడు వంటింటి ఖర్చులో కొనుక్కోండి.

ఈ వారమే హారం విడిపించండి, టూరు టికెట్లకన్నా ముందు. డబ్బు ఇచ్చేటప్పుడు మీరు రాసిచ్చిన ప్రాంసరీ నోటు ఉంటే వెనక్కి తీసుకుని, హారం తూకం వేయించి చూసుకుని మరీ ఇంటికి రండి.