మూడు ఫైళ్లు, ఒక్క అమ్మ

ప్రశ్న: మా అమ్మకు షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. ముగ్గురు స్పెషలిస్టులు, మూడు ఫైళ్లు. నాన్న పోయాక ఆమెకు నిద్ర లేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. సమగ్ర వైద్యం అంటే ఇదేనా?

జవాబు: కాదమ్మా. ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో నేనూ ఈ తప్పు చేశాను. మోకాలు చూసి నొప్పి మాత్ర రాశాను, బీపీ సంగతి అడగలేదు. కొన్ని నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలకూ చేటు.

వైద్యానికి మూడు అంచెలు: దగ్గరి డాక్టరు, స్పెషలిస్టులుండే ఆసుపత్రి, పెద్ద సర్జరీలు చేసే ఆసుపత్రి. మీరు మొదటి మెట్టు ఎక్కకుండానే రెండోదానికి వెళ్లారు. 1978లో ఆరోగ్యం మీద జరిగిన అంతర్జాతీయ సదస్సు చేసిన ఆల్మా ఆటా ప్రకటన పట్టుబట్టింది ఆ మొదటి మెట్టు గురించే. జబ్బు రాకుండా చూడటం, చికిత్స, మళ్లీ కోలుకునేలా చేయడం అన్నీ అందులో భాగమేనంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948 నుంచీ మానసిక క్షేమాన్నీ ఆరోగ్యంలోనే లెక్కేస్తోంది. కాబట్టి అమ్మ నిద్ర కూడా వైద్యం సంగతే.

ముందు ఒక ఫ్యామిలీ డాక్టరును పెట్టుకోండి. మందులన్నీ, షాపులో అడిగి కొన్నవి కూడా, ఒకే సంచిలో వేసి తీసుకెళ్లండి. మోకాళ్లకు ఫిజియోథెరపీ అడగండి. నిద్ర మాట మాత్రం అమ్మనే చెప్పనివ్వండి, మీరు మధ్యలో అందుకోకండి.